నేల తాకని నిట్టాడి: బోర్గున్ కొయ్య చర్చి 800 ఏళ్లు ఎలా నిలిచింది

పాత గుడిసె విప్పేటప్పుడు నిట్టాడిని పీకి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చూరు కిందున్న భాగం గట్టిగా ఉంటుంది. మట్టిలో లోతుగా దిగిన మొదలు కూడా చాలాసార్లు పర్వాలేదనిపిస్తుంది. పొడిపొడిగా రాలిపోయేది నేల మట్టం దగ్గరి జానెడు. చెదలు పట్టకపోయినా ఇదే వరస. కొయ్యను తినే బూజుకు తేమా కావాలి, గాలీ కావాలి. లోతున గాలి తక్కువ, పైన తేమ తక్కువ. రెండూ సమృద్ధిగా దొరికేది ఆ జానెడులోనే. చెక్కలో నీరు 20 శాతం లోపు ఉన్నంతకాలం ఈ బూజు పని మొదలుపెట్టదు. దాటిందంటే ఎంత లావు స్తంభానికైనా రోజులు దగ్గర పడ్డట్టే.

నార్వే పల్లెల్లో తొలి చర్చిలు కట్టినవాళ్లకు ఎదురైన చిక్కూ ఇదే. 11వ శతాబ్దంలో క్రైస్తవం అక్కడ కుదురుకుంటున్న రోజుల్లో స్తంభాలను మన నిట్టాడిలాగే గోతులు తీసి పాతేవారు. ఆ చర్చిల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు. తర్వాతి చర్చిల నేల కింద తవ్వకాల్లో నల్లటి స్తంభపు గుంతలు మాత్రం బయటపడ్డాయి. 12వ శతాబ్దానికి వచ్చేసరికి వడ్రంగులు స్తంభాన్ని మట్టిలోంచి పైకి తీసి, రాళ్ల మీద పరిచిన దూలాలపై నిలబెట్టారు. ఆ ఒక్క మార్పు కట్టడం ఆయుష్షును పదుల ఏళ్ల నుంచి వందల ఏళ్లకు పెంచింది. మండువా లోగిళ్లలో కొయ్య స్తంభం కింద రాతి దిమ్మ పెట్టడం వెనకున్న తర్కం కూడా ఇదే కదా.

ఇలా కట్టిన వాటినే స్టావ్ చర్చిలు అంటారు. నార్వే భాషలో 'స్టావ్' అంటే నిలువు స్తంభం. అందులో బాగా నిలిచిన ఉదాహరణ బోర్గున్. నార్వే పశ్చిమాన సోగ్న్ ప్రాంతంలో లైర్దాల్ లోయలో, తూర్పు పడమరలను కలిపే పాత రాజమార్గం పక్కన ఉంది. చెట్టు వలయాల లెక్క ప్రకారం దీని కలపను 1180-81 చలికాలంలో నరికారు. అంటే ఓరుగల్లులో రుద్రదేవుడు పాలిస్తున్న కాలం. కాకపోతే ఇక్కడ వేయిస్తంభాల గుడి రాతిది, అది పైన్ కొయ్యది.

ముందు ఒక అపోహ సంగతి

బోర్గున్ ఫొటో చూడగానే చాలామంది 'వైకింగ్ గుడి' అనేస్తారు. అంచెలంచెల కప్పులు, కొసలకు నాలుక చాపిన డ్రాగన్ తలలు, నల్లటి ఒళ్లు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. వైకింగ్‌లంటే ఓడలెక్కి దాడులకూ వర్తకానికీ తిరిగిన ఉత్తర యూరప్ జనం. కానీ వాళ్ల యుగం ముగిసిందని చరిత్రకారులు చెప్పే 1066కు, ఈ చర్చికి నడుమ వందేళ్లకు పైగా ఎడం ఉంది. నేల ప్లాను చూస్తే ఇది యూరప్ రాతి చర్చిల బాణీయే: జనం నిలబడే గది, తూర్పున బలిపీఠం గది, దాని వెనక అర్ధవృత్తపు కొస. స్తంభాల మధ్య కమానులు, వాటి పైన మరో అంతస్తు ఉన్నట్టు కనబడే వరస, అన్నీ రాతి చర్చిల నుంచి తెచ్చినవే. ఓడల కాలం నుంచి వచ్చింది వడ్రంగం చేతివాటం, ఆ చెక్కడపు ముద్ర. డ్రాగన్ తలలు ఓడ ముక్కులను గుర్తు చేస్తాయి. వాటిని ఎందుకు పెట్టారో కట్టినవాళ్లు రాసిపెట్టలేదు కాబట్టి దుష్టశక్తులను తరమడానికే పెట్టారన్న కథను కథగానే తీసుకోవాలి.

పాత శైలికి అసలైన సాక్ష్యం కావాలంటే ఊర్నెస్ అనే మరో స్టావ్ చర్చిని చూడాలి. ఆ చర్చి 1130 ప్రాంతంలో కట్టింది. ఉత్తరపు గోడలో అమర్చిన తలుపు చట్రం మాత్రం అంతకు ముందున్న చర్చిది, సుమారు 1070 నాటిది. పాత చర్చి తీసేసినా ఆ చెక్కడం పారేయబుద్ధి కాక కొత్త గోడలోకి ఎక్కించారు. సన్నటి కాళ్ల మృగం ఒకటి, దాన్ని చుట్టుకున్న పాములు. ఈ శైలికి ఊర్నెస్ పేరే స్థిరపడింది. 1979లో యునెస్కో జాబితాకెక్కింది కూడా ఆ చర్చే.

కలప ఎంపిక

మన వడ్రంగి దుంగ కొనేటప్పుడు చూసేది చేవ. నార్వేవాళ్లూ అంతే. పైన్ చెట్టు బయటి పొర తెల్లగా, నీరు పీల్చేలా ఉంటుంది. లోపలి చేవ ఎర్రగా, జిగురు నిండి ఉంటుంది. నెమ్మదిగా పెరిగి, వలయాలు దగ్గర దగ్గరగా ఉన్న ముసలి చెట్లనే ఏరుకునేవారు. కొన్నిటికి ముందే తల కొట్టి, కొమ్మలు నరికి, కొన్నేళ్లు అలాగే నిలబెట్టి ఉంచేవారని చెబుతారు. చెట్టు తన గాయం మాన్పుకోవడానికి జిగురును లోపలికి పంపి, నిలబడే చేవదేరుతుందన్నది లెక్క.

నార్వేలో నీటితో తిరిగే రంపాలు వచ్చింది 16వ శతాబ్దంలో. అంతకు ముందు పనంతా గొడ్డలి, మేకులతోనే. ఇక్కడ మేకు అంటే చెక్కను చీల్చడానికి దిగ్గొట్టే కోసు ముక్క. దుంగను చీల్చి పలక తీస్తే పగులు చెక్క నారల వెంటే నడుస్తుంది. రంపం అలా కాదు, నారలను అడ్డంగా తెంపుకుంటూ పోతుంది. తెగిన ప్రతి నారా నీటికి ఒక గొట్టం. చీల్చిన పలక రంపపు పలక కంటే వానకు ఎక్కువ తట్టుకోవడానికి కారణం ఇదే. కాకపోతే కలప బాగా వృథా అవుతుంది. అడవి చేరువలో ఉన్నవాడికే ఆ వైభోగం.

నిలబెట్టే వరస

మొదట రాళ్లు. లోతైన పునాది ఏమీ లేదు. నేల చదును చేసి బండలు పరుస్తారు. వాటి మీద నాలుగు లావు దూలాలు పడుకోబెడతారు, రెండు చర్చి పొడుగు వైపు, రెండు అడ్డంగా. ఒకదాన్నొకటి దాటే చోట రెండింటినీ సగం సగం చెక్కి కూర్చుతారు. కొసలను అక్కడితో కోసేయకుండా బయటికి చాపి వదులుతారు. చర్చి రహస్యంలో సగం ఆ కొసల్లోనే ఉంది. ఎత్తైన నడిమి భాగపు స్తంభాలు ఈ దూలాల మీద నిలుస్తాయి. చుట్టూ తక్కువ ఎత్తుండే బయటి గోడ చట్రం చాపిన కొసల మీద కూర్చుంటుంది. పెట్టెలో పెట్టె అన్నమాట. బయటి పెట్టె చెడిపోయినా లోపలిది కూలదు.

బయటి గోడ కట్టడం ఒక చక్కటి లెక్క. అడుగున ఒక పట్టె, దాని పైముఖాన గాడి. మూలల్లో గుండ్రటి స్తంభాలు. వాటి కింది భాగాన్ని పట్టె మీదికి జారి కూర్చునేలా చెక్కుతారు. అలా చేస్తే స్తంభం మీద జారిన వాన నీరు కీలు లోపలికి పోకుండా బయటి నుంచే కిందికి దిగిపోతుంది. ఇక నిలువు పలకలు: ప్రతి పలకకు ఒక అంచున గాడి, రెండో అంచున నాలుక. ఒకదానిలో ఒకటి దూర్చుకుంటూ రెండు మూలల నుంచి మధ్యకు వస్తారు. చివర మిగిలిన సందులోకి కింద సన్నగా, పైన వెడల్పుగా ఉన్న పలకను పై నుంచి దిగ్గొడతారు. గోడంతా ఒక్కసారిగా బిగుసుకుంటుంది. తలల మీద గాడి ఉన్న పై పట్టె బోర్లిస్తే చట్రం పూర్తయింది. ఇనుప మేకు పని లేదు. కుసి (బెజ్జంలో దూరే కొస), బెజ్జం, చెక్క మేకులే.

పలకలను అడ్డంగా కాక నిలువుగానే ఎందుకు నిలబెట్టారు? దుంగలను ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ ఎండేకొద్దీ కుంగుతుంది, ఎందుకంటే కర్ర అడ్డంగా బాగా కుంచించుకుపోతుంది. పొడుగు వైపు తగ్గేది లెక్కలోకి రానంత కొద్ది. నిలువు పలకల గోడ ఎత్తు మారదు, కాబట్టి దాని మీదున్న కప్పు కీళ్లూ కదలవు. పలకలు పక్కకు కుంచించుకున్నా నాలుక గాడిలో జరుగుతుందే తప్ప సందు తెరుచుకోదు.

లోపల నడిమి స్తంభాలు నేల నుంచి కప్పు దాకా ఏకాండీగా లేస్తాయి. అంత పొడవు స్తంభాలు పక్కకు ఊగిపోకుండా మూడు రకాల కట్లున్నాయి. స్తంభాలను రెండు వైపుల నుంచీ పట్టకారులా బిగించే జంట పట్టెలు ఒకటి. వాటి మధ్య గుణకారం గుర్తులా వేసిన అడ్డకర్రలు రెండోది. స్తంభానికీ పట్టెకూ మూలలో వంపు తిరిగిన మోకాలు కర్రలు మూడోది. ఈ మోకాళ్లను చెక్కి వంచలేదు. చెట్టు మొదలు, వేరు కలిసే చోట సహజంగా వంపు తిరిగిన ముక్కనే కోసి తెచ్చారు. నార వంపు వెంట సాగుతుంది కాబట్టి అది విరగదు. ఓడలకు పక్కటెముకలు ఏరేవాడి కన్ను అది.

ఈ కట్లు ఎంత బిగువంటే, బోర్గున్ తరహా చర్చిల్లో కొన్ని మధ్య స్తంభాల కింది సగాన్ని తీసేయగలిగారు. పై సగం కట్ల పట్టుమీదే నిలుస్తుంది. లోమెన్ చర్చిలో నేల మీద మిగిలినవి నాలుగు మూల స్తంభాలే.

కప్పుకు కత్తెర వాసాలు. రెండు వైపుల వాసాలకు తోడు మరో జత కర్రలు ఒకదాన్నొకటి కత్తెరలా దాటుతూ ఎదుటి వాసాన్ని పట్టుకుంటాయి. వాలు చాలా నిటారు, మంచు నిలవకుండా జారిపోవాలి కదా. నిటారు కప్పు గోడలను బయటికి నెట్టేది కూడా తక్కువే. ఆ నెట్టుడులో మిగిలిన కాస్తనూ కత్తెర మింగేస్తుంది.

వసారా అనే కవచం

బోర్గున్ చుట్టూ తక్కువ ఎత్తులో ఒక వసారా తిరుగుతుంది. జనం వానలో నిలబడడానికో, ఊరేగింపుకో అంటారు. వాడుక ఏదైనా కట్టడానికి దాని మేలు ఒకటే: అడుగు పట్టె, అంటే ముందుగా కుళ్లే భాగం, వాన మొహం చూడదు. పైన అంచెలుగా దిగే కప్పులు కూడా అంతే. ప్రతి కప్పు చూరూ తన కింది గోడకు గొడుగు.

అందుకే 'ఇది 1180 నాటి కొయ్యేనా?' అన్న ప్రశ్నకు అవునూ కాదూ రెండూ జవాబే. లోపలి స్తంభాలు, దూలాలు, గోడలు చాలావరకు మొదటివి. బయటి చెక్క పెంకులు ఎన్నోసార్లు మారాయి. మొదట్లో కప్పుకు పెంకులే కాదు, పొడవాటి పలకలు ఉండేవని కూడా చెబుతారు. కట్టినవాడు కట్టడాన్ని రెండుగా విడగొట్టాడు: అరిగిపోవడానికి పెట్టిన తోలు, అరగకూడని ఎముకలు. తోలు వేళకు మారుస్తూ ఉంటే ఎముకలకు ఢోకా లేదు.

తారు: పూతలో పొరపాట్లు

ఆ తోలుకు పైపూత పైన్ తారు. రోడ్ల మీద పోసే తారుతో దీనికి సంబంధం లేదు. ఇది చెట్టు జిగురు నుంచి తీసేది. పైన్ మొద్దులను, వేళ్లను తవ్వి తీసి, చిన్న పేళ్లుగా చీల్చి ఆరబెడతారు. గరాటాలా మధ్యకు వాలిన గుంటలో దట్టంగా పేర్చి, మీద గడ్డి మట్టి కప్పి, అంచున నిప్పు పెడతారు. గాలి అందితే భగ్గున మండి బూడిద మిగులుతుంది. అందకపోతే ఆరిపోతుంది. మంట లేకుండా రోజుల తరబడి కుములుతూ ఉంటే జిగురు కరిగి, అడుగున పెట్టిన గొట్టం నుంచి కారుతుంది. కాపలా ఉన్నవాడు రాత్రిళ్లు కూడా పొగ రంగు చూసి మట్టి సర్దుతూ ఉండాలి.

పూయడంలోనూ మెళకువ ఉంది. ఎండు వేసవి రోజు చూసుకోవాలి. చెక్క లోపల తడి ఉండగా పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుంటుంది, బయట నిగనిగలాడుతూ లోపల కుళ్లుతుంది. తారును వేడి చేసి, పలచగా పట్టించి రుద్దాలి. మందంగా పూస్తే దక్షిణపు ఎండకు కరిగి చెంపల మీద కాటుకలా కారుతుంది. ఏళ్ల తరబడి పూత మీద పూత పేరుకుంటే పెంకుల మధ్య సందులు మూసుకుపోయి, లోపలికి పోయిన నీరు ఆరే దారి ఉండదు. ఎండ, గాలివాన పడే వైపు కొన్నేళ్లకే మళ్లీ పూయాలి, నీడ వైపు చాలా ఎక్కువ కాలం ఆగుతుంది. నాలుగు గోడలకూ ఒకేసారి, ఒకే లెక్కన పూసే గుత్త పద్ధతి ఇక్కడ పనికిరాదు. 20వ శతాబ్దంలో ఫ్యాక్టరీ తారు వాడి చూస్తే సరిగా అతకలేదు. దాంతో మళ్లీ గుంట తారు వైపే చూడాల్సి వచ్చింది.

పూతను మించి ముంచేది పునాది. చర్చి చుట్టూ శ్మశానం, శతాబ్దాల పాటు సమాధుల మట్టి పేరుకుని నేల పైకి లేస్తుంది. ఒకప్పుడు బండల మీద ఎత్తుగా ఉన్న పట్టె క్రమంగా గడ్డిలో కూరుకుంటుంది. నేల కింద చేసిన ఖననాల వల్ల గుంతలు కుంగి, ఒక మూల బండ దిగితే దూలం వంగుతుంది, కీళ్లు నోళ్లు తెరుస్తాయి, ఆ నోళ్లలోకి నీరు. నార్వే ప్రభుత్వ వారసత్వ శాఖ 2001 నుంచి 2015 వరకు నడిపిన స్టావ్ చర్చిల మరమ్మతు కార్యక్రమంలో ఈ సంప్రదాయ పద్ధతులతోనే బాగుచేశారు.

వెయ్యి నుంచి 28కి

మధ్యయుగంలో ఇలాంటివి నార్వేలో వెయ్యికి పైగా ఉండేవని అంచనా. రాజు కట్టించినవి కొన్నే. మిగతావి ఊరి రైతులవీ, భూస్వాములవీ. వాటిని నిలబెట్టడం చట్టపు బాధ్యత. పశ్చిమ నార్వేకు వర్తించిన గులటింగ్ చట్టం ప్రకారం చర్చి పాడై మూల స్తంభాలు పడిపోతే కట్టినవాడు 12 నెలల్లోగా కలప తెచ్చి ఆ స్థలంలో దించాలి. లేదంటే బిషప్‌కు అప్పటి డబ్బు లెక్కలో 3 మార్కుల జరిమానా, ఆపైన చర్చి ఎలాగూ కట్టాల్సిందే. చట్టం మూల స్తంభాలనే ఎందుకు ఎత్తి చెప్పిందో పైన చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

1349లో ప్లేగు వచ్చి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి, కొత్త కట్టడాలు ఆగాయి. 1537 ప్రాంతంలో లూథరన్ మతం రాజ్యమతమైంది. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవారికి తెలుసు, ఆ ఆరాధనలో ప్రసంగానిది పెద్దపీట. కూర్చుని వినాలంటే బెంచీలు కావాలి, పాటల పుస్తకం చదవాలంటే వెలుతురు కావాలి. గోడ పైభాగాన చిన్న గుండ్రటి కన్నాలు తప్ప కిటికీలే లేని చీకటి చర్చిలకు గోడలు కోసి కిటికీలు పెట్టారు. 1650 నాటికి సుమారు 270 మిగిలాయి, 1800 నాటికి 95. ఆ మీద 1851 చట్టం: చర్చిలో ఆ సంఘ జనాభాలో పదింట మూడొంతుల మందికి చోటుండాలని. ఇరుకైన పాత కట్టడాలకు అదే మరణశాసనం. 1850, 1885 మధ్య 32 నేలమట్టమయ్యాయి.

అదే సమయంలో వాటి విలువ గుర్తించినవాళ్లూ పుట్టారు. చిత్రకారుడు యోహాన్ క్రిస్టియన్ దాల్ చొరవతో కూలగొట్టబోతున్న వాంగ్ చర్చిని ప్రష్యా రాజు కొనడంతో అది 1840లలో నేటి పోలండ్‌లోని కార్పాచ్‌లో తేలింది, ఇప్పటికీ అక్కడే ఉంది. బోర్గున్ అదృష్టం వేరే రకం. 1868లో పక్కనే కొత్త చర్చి కట్టుకున్నారు కాబట్టి పాతదాన్ని పెంచే పనీ పడలేదు, కోసే పనీ పడలేదు. 1877లో ప్రాచీన కట్టడాల సంరక్షణ సంఘం దాన్ని కొనేసింది.

అయితే ఇక్కడో మెలిక. 1870ల్లో వాస్తుశిల్పి క్రిస్టియన్ క్రిస్టీ దీన్ని 'మధ్యయుగపు రూపానికి' తెస్తూ బెంచీలు, మేడ వరసలు, పెద్ద కిటికీలు తీసేయించాడు. కన్నులపండువగా ఉన్న మాట నిజమే. కానీ మూడు వందల ఏళ్ల పాటు ఊరి జనం ఆ చర్చిని వాడుకున్న గుర్తులు ఆ చెత్తబుట్టలోనే పోయాయి. లోపలికి వెళ్లినవాళ్లు చూసేది 1180తో పాటు, 1180 ఇలా ఉండి ఉంటుందని 19వ శతాబ్దం అనుకున్న రూపాన్ని కూడా. మిగిలిన 28 స్టావ్ చర్చిల్లో మార్పులతోనే మిగిలినవి చాలా ఉన్నాయి. వాటిని 'పాడైనవి' అనడం సబబు కాదు.

పోయినవాటిలో చివరిది బెర్గెన్ దగ్గరి ఫాంటోఫ్ట్. 1992 జూన్ 6న తగలబెట్టారు. ఇప్పుడక్కడ ఉన్నది నకలు. తారు పట్టిన ఎండు పైన్‌కు నీరు శత్రువైతే నిప్పు అంతకు మించిన శత్రువు. వాననుంచి కాపాడే పూతే మంటకు నెయ్యి.

బోర్గున్ పడమటి గుమ్మం దగ్గర, వసారా చాటున, కత్తిమొనతో గీసిన రూనిక్ అక్షరాలున్నాయి, అంటే ఆ ప్రాంతపు పాత లిపి. ఓలాఫ్ పండుగ ముందురోజు, అంటే జులై 28న, ఇటుగా పోతూ థోరిర్ అనేవాడు గీసినవి. విధిని నిర్ణయించే నోర్న్‌లు మంచీ చెడూ రెండూ చేశారట, తనకు మాత్రం పెద్ద పాట్లు తెచ్చిపెట్టారట. క్రైస్తవ సాధువు పండుగ, పాత మతపు విధిదేవతలు ఒకే వాక్యంలో, చర్చి గోడ మీద. ఆ గీతల మీద వాన పడి ఉంటే ఎప్పుడో చెరిగిపోయేవి. పడలేదు కాబట్టి ఇంకా చదవగలుగుతున్నాం.